మూతాభ్యుదయం

ప్రబంధం రాయాలంటే పద్దెనిమిది వర్ణనలు ఉండాలని లక్షణకర్తలు లెక్కకట్టి చెప్పారు. నగరం, సముద్రం, కొండ, ఋతువులు, సూర్యచంద్రుల ఉదయాలు, ఉద్యానం, జలక్రీడ, విరహం, వివాహం, యుద్ధం, జూదం, ప్రయాణం అంటూ సాగుతుంది ఆ జాబితా. అందులో మధుపానానికీ ఒక పీట వేశారు. పీట వేశాక మన కవులేమీ మొహమాటపడలేదు. తాగిన పాత్రను వర్ణించారు, పాత్రలో తొణికిన చంద్రబింబాన్ని వర్ణించారు. పోసిన చేతినీ, ఎరుపెక్కిన కళ్ళనూ, తడబడిన మాటనూ, జారిన పైటనూ ఓపిగ్గా వర్ణించారు. మూతను పట్టించుకున్నవాడు మాత్రం నా కంటపడలేదు. ఆ కాలంలో మధువు కుండల్లో ఉండేది, మూత అంటే మట్టి మూకుడేగా అని సర్దిచెప్పేవాళ్ళుంటారు. పోనీ, ఆ మూకుడు మీదైనా ఒక సీసపద్యం చూపించమనండి.

ఆ లోటు తీర్చడానికే ఈ వచనప్రబంధం. నాయకుడు మూత. బంగారు కలశం మీది మూత కాదు, సారా సీసా నెత్తిన కూర్చునే అల్యూమినియం రేకుమూత. కథాస్థలం ఆఫ్రికా పడమటి తీరం. నాయకుణ్ణి చెత్తకుప్పలో నుంచి లేవదీసి రాజాస్థానాల దాకా నడిపించిన గురువు ఎల్ అనాట్సుయి అనే శిల్పి. ఘనాలో పుట్టి, నైజీరియాలో దశాబ్దాలు పనిచేసి, ఎనభై దాటిన పెద్దాయన.

ముందు షష్ఠ్యంతాలు. కావ్యాన్ని ఎవరికి అంకితమిస్తున్నామో వారి గుణగణాలు ఏకరువు పెట్టడం ఆచారం. ఇక్కడ కృతిభర్త కూడా మూతే గనుక:

పసుపు, నలుపు, ఎరుపు పూతల చాటున వెండికాంతిని దాచుకొన్న పలుచని మేనికిన్. గుటకకు ముందు కావలి కాచి, గుటక పడిన పిమ్మట గడప కవతల విసరబడు దౌవారికునకున్. పంటికి లొంగని పౌరుషమునకున్, రెండు వేళ్ళకు లొంగు సౌకుమార్యమునకున్. చెప్పు కింద పడి కిర్రుమను అల్పస్వనమునకున్. తక్కెడను కదపనేరని లఘుభారమునకున్. పాతసామాన్లవాడు సైతము ఒక్కటిగా ముట్టని నిర్లక్ష్యపాత్రమునకున్. అభ్యుదయపరంపరాభివృద్ధిగా నేను చెప్పబూనిన కథ ఎట్టిదనిన.

కుకవినింద ఇంకా బాకీ ఉంది. మూత తెలుగుమాట, అభ్యుదయం సంస్కృతం, ఈ రెంటికీ ముడిపెట్టడం వైరిసమాసమని పండితులు కోప్పడతారు. ఈ కథలో సారాకీ సముద్రానికీ, నేతకీ చెత్తకీ, చక్కెరకీ చిత్రశాలకీ ముడిపడబోతోంది. కోపాన్ని దానికోసం కొంచెం దాచుకోమని మనవి.

ఇక కుమారోదయం. రాజకుమారులు పుట్టినప్పుడు దిక్కులు తేటపడతాయి, పిల్లగాలి వీస్తుంది. మనవాడు పుట్టినప్పుడు కార్ఖానాలో ధనధనమని ప్రెస్సు మోగుతుంది. తల్లి ఒక అల్యూమినియం రేకు. పుట్టకముందే నుదుటిరాత అచ్చయి ఉంటుంది. రేకు చదునుగా ఉండగానే దానిమీద రంగులు వేసి, సారా పేరు ముద్రించి, ఆ తర్వాతే గుండ్రంగా తెగ్గొట్టి, గిన్నెలా లాగుతారు. ఎవరి చేతిలో పడతాడో, ఏ పేరు మోస్తాడో, ఏ రంగు కడతాడో అన్నీ ముందే తేలిపోతాయి. మన నొసటి రాతలు ఇంత స్పష్టంగా మూడు రంగుల్లో ఉంటే జ్యోతిష్కుల బతుకేం కావాలి?

పుట్టినప్పుడు ఒంటిమీద మరలుండవు. నున్నటి పసివాడు. సీసా నెత్తిన బోర్లించాక పైనుంచి చిట్టిచిట్టి చక్రాలు దిగి, గిర్రున చుట్టూ తిరిగి, రేకును గాజు మరల్లోకి నొక్కుతాయి. ఆ కౌగిలింతలోనే మూతకు మరలు పడతాయి. ఏ సీసాకు నొక్కితే ఆ సీసా ఒంపులే ఒంటికి వస్తాయి. ఇంతటి అన్యోన్యం ఏ దంపతుల మధ్య చూశారు? (మూత నాయకుడా, నాయికా అని అడక్కండి. రసాన్ని బట్టి మారుతుంటుంది. సంస్కృతంలో భార్యను పుంలింగంలో పిలిచే మాటా ఉంది, నపుంసకలింగంలో పిలిచే మాటా ఉంది. వాళ్ళను అడిగాక నన్ను అడగండి.)

కింది అంచున సన్నటి పట్టీ ఒకటి, సూదిమొనంత రేకుముక్కలతో మూతకు అతికి ఉంటుంది. తొలిసారి తిప్పగానే ఆ అతుకులు కటకటమని తెగుతాయి. మూత చేతికి వస్తుంది, పట్టీ సీసా మెడలోనే ఉండిపోతుంది. ఎవరూ ముందే విప్పి కల్తీ చేయలేదని కొనేవాడికి ధైర్యం కలిగించే ఏర్పాటు ఇది. కవిదృష్టికి మాత్రం ఒక్క మలుపులో జరిగిపోయిన ఎడబాటు. ఈ పెళ్ళిలో తాళి వరుడి మెడలో మిగులుతుంది.

వరుడి సంగతి కూడా చెప్పుకోవాలి. ఆ ప్రాంతపు డిస్టిలరీలు ఖాళీ సీసాలను వెనక్కి కొంటాయి. సీసా తిరిగి వెళ్తుంది, వేడినీళ్ళ మంగళస్నానం చేస్తుంది, మెడలో పాత పట్టీ తీయించుకుంటుంది, కొత్త సారా నింపుకుంటుంది, కొత్త మూతతో మళ్ళీ పీటల మీద కూర్చుంటుంది. దక్షిణనాయకుడనే మాటకు అలంకారశాస్త్రం ఇచ్చిన నిర్వచనం ఎంత గంభీరమైనదైనా ఉదాహరణ మాత్రం ఇదే. మొదటి మూతను ఎవరూ వెనక్కి అడగరు. దానికి మిగిలింది అడవి.

అడవి అంటే న్సుక్కా శివారు. ఇక్కడ నగరవర్ణన చేయాలి. అయోధ్యలా పన్నెండు యోజనాల పొడవు లేదు. తూర్పు నైజీరియాలో ఎర్రమట్టి, గుండ్రటి కొండలు, వానకు కోసుకుపోయే నేల. 1960లో అక్కడ విశ్వవిద్యాలయం వెలిసింది. 1967లో బయాఫ్రా వేర్పాటు యుద్ధం మొదలైన తొలి రోజుల్లోనే ఊరు సైన్యం కింద నలిగింది. 1970లో యుద్ధం ముగిశాక పగిలిన గోడల మధ్య మళ్ళీ పాఠాలు మొదలయ్యాయి. 1975లో ఆ విశ్వవిద్యాలయానికి శిల్పం నేర్పడానికి ముప్పై ఒక్క ఏళ్ళ యువకుడు ఘనా నుంచి వచ్చాడు. మూడున్నర దశాబ్దాలు అక్కడే పాఠం చెప్పాడు.

నాయకుడి గురువుకు వంశవర్ణన లేకపోతే ప్రబంధం ఒప్పుకోదు. 1944లో ఘనా తూర్పుకొసన, కేటా ఉప్పునీటి మడుగు ఒడ్డున ఉన్న అన్యాకో అనే ఊళ్ళో, ముప్పైరెండుమంది సంతానంలో కడగొట్టువాడుగా పుట్టాడు అనాట్సుయి. కౌరవులు నూరుగురని అందరికీ తెలుసు. నూరోవాడి పేరు చెప్పమంటే హరికథ చెప్పేవాడు కూడా దాహం వేసినట్టు మొహం పెడతాడు. ముప్పైరెండోవాడి పేరు ప్రపంచమంతా చెప్పుకోవడం ఆ లెక్కన చిన్న విషయం కాదు. తండ్రి నేతగాడు, అన్నలు నేతగాళ్ళు. అక్కడి కెంటె బట్టను వెడల్పాటి మగ్గం మీద నేయరు. నాలుగంగుళాల పేలికల్లా పొడుగ్గా నేసి, అంచుకు అంచు కలిపి కుడతారు. రాజులు కట్టే బట్ట కూడా అతుకులదే. చిన్నవాడు మాత్రం మగ్గం నేర్చుకోలేదు. తల్లి పోవడంతో క్రైస్తవ బోధకుడైన మేనమామ ఇంట పెరిగి, బడికి పోయి, కుమాసీలో 1969 దాకా కళావిద్య చదివాడు. అక్కడ చెప్పిన శిల్పకళ యూరప్‌ది. పాలరాయి, కంచు, ప్లాస్టర్. అన్యాకోలో పాలరాయి ఎక్కడిది?

అందుకని ఉన్నవాటితో మొదలుపెట్టాడు. సంతలో ఆడవాళ్ళు సరుకు పేర్చుకునే చెక్కపళ్ళేలను తెచ్చి, ఎర్రగా కాల్చిన ఇనుపకమ్మీతో వాటి అంచున వాతలు పెట్టాడు. న్సుక్కా చేరాక పగిలిన కుండల మీద మనసు పడ్డాడు. పగిలిన కుండ పనికిరాదని మనం అనుకుంటాం. పశ్చిమాఫ్రికాలో ఆ పెంకు దేవుడికి నైవేద్యం పెట్టే పాత్ర అవుతుంది, నిప్పు మోసే పళ్ళెమవుతుంది. ఆ తర్వాత చైన్‌సా. 1980లో అమెరికాలో ఉండగా చేతికొచ్చిన ఆ యంత్రపు రంపం ఆయన్ను చాలా ఏళ్ళు వదల్లేదు. పలకలు వరసగా నిలబెట్టి, రంపంతో అడ్డంగా, కరుగ్గా కోసేవాడు. ఆఫ్రికాను యూరప్ రాజ్యాలు పంచుకున్న తీరు ఆయనకు ఆ కోతలో కనిపించింది. ఆపైన డబ్బాపాల మూతలు, కర్రపెండలం కోరే తురుముపీటలు. ఒక చెత్త తర్వాత ఒక చెత్త, గృహస్థు భార్యకు భయపడి దాచుకునేవన్నీ ఈయన స్టూడియోలో ఠీవిగా బైఠాయించాయి.

1998లో ఊరి శివారు పొదల పక్క ఒక సంచి దొరికింది. విప్పి చూస్తే సారామూతలు.

ఇక్కడ పాఠకులు శంఖధ్వని ఆశిస్తారు. ఏమీ మోగలేదు. గురువు సంచి తెచ్చి స్టూడియోలో పడేశాడు, మరిచిపోయాడు. ఇది విప్రలంభం, అంటే విరహవర్ణన. నలదమయంతుల మధ్య హంస ఉంది. వీరిద్దరి మధ్య గోనెగుడ్డ తప్ప ఏమీ లేదు. చాలాకాలం మూతలు ఆ చీకట్లో తమలో తాము చిన్నగా గలగలలాడుకుంటూ పడి ఉన్నాయి. తురుముపీటలు పని చూసుకుంటున్నాయి, పాలడబ్బా మూతలు గొలుసుల్లా అల్లుకుని గోడకెక్కుతున్నాయి. చూసి చూసి మూతలు చిక్కిపోయాయని రాయాలని ఉంది, కాని అల్యూమినియం చిక్కదు, తుప్పు కూడా పట్టదు. విరహానికి ఇంత పనికిమాలిన లోహం మరొకటి లేదు.

తర్వాత యుద్ధం. ఒకవైపు సుత్తి, కత్తెర, చెప్పులు కుట్టే ఆరలాంటి మొన. ఇటువైపు కిరీటాలు తప్ప తలలు లేని సేన. సేనానాయకుల పేర్లు వినండి. ఎకోమాగ్: ఇది లైబీరియా అంతర్యుద్ధం ఆపడానికి 1990లో పశ్చిమాఫ్రికా దేశాలు పంపిన సైన్యం పేరు, ఆనక సారా పేరు. బకాస్సి: నైజీరియా, కామెరూన్ దేశాలు కొట్టుకున్న ద్వీపకల్పం, ఇదీ సారాయే. డార్క్ సెయిలర్ ఒకడు, కింగ్ సాలమన్ ఒకడు, హెడ్‌మాస్టర్ అనే పేరుతో బెత్తం లేని ఒక వీరుడు. పేర్లు వింటే ఏదో దేశపు పాతికేళ్ళ పత్రికల హెడ్డింగులు చదువుతున్నట్టుంటుంది. మనకిదేం కొత్త కాదు. ఆంధ్రదేశంలో మొన్నమొన్ననే బూమ్ బూమ్ అనే బీరూ, ప్రెసిడెంట్ మెడల్ అనే మద్యమూ ఎన్నికల సభల్లో ఉపన్యాసాలకు ఎక్కాయి. తాగేవాడి చరిత్రజ్ఞానం మూత మీద ఉంటుంది, రాజ్యం ఏదైనా.

యుద్ధం సాగిన తీరు ఇది. మూతను నిలువునా చీల్చి పక్కలు విప్పితే పొడుగాటి పట్టీ వస్తుంది. నెత్తిన కొడితే బిళ్ళ అవుతుంది. అంచు గాట్లు పెట్టి విరిస్తే పువ్వు అవుతుంది. సీసా మెడలో మిగిలిన ఆ తాళిపట్టీని కూడా వదల్లేదు. అది ఉంగరంలా గుండ్రం, ఉంగరాలన్నీ కలిస్తే జల్లెడలా వెలుతురు దూరే వల. మడిచినవి కొన్ని, మెలిపెట్టినవి కొన్ని, నలిపినవి కొన్ని. ప్రతిదానికీ అంచుల్లో చిల్లులు. ఆ చిల్లుల్లోంచి రాగితీగ. తీగ కొస మెలిపెట్టడంతో మూతకీ మూతకీ పెళ్ళి. ఒకప్పుడు ఒకే సీసాను కౌగిలించుకున్న మూత ఇప్పుడు నాలుగు వైపులా నలుగురు చుట్టాలను పట్టుకుని వేలాడుతుంది. ఇక్కడ వివాహవర్ణన అయిపోయినట్టే లెక్క, భోజనాలు లేవు.

మన పల్లెల్లో పిల్లలు గోలీసోడా పోయి కూల్‌డ్రింకులు వచ్చిన కొత్తలో సీసామూతను రాయితో చదును చేసి, మేకుతో రెండు చిల్లులు పొడిచి, దారం ఎక్కించి రంయ్‌మని తిప్పేవారు. చదును చేయడం, చిల్లు పొడవడం, దారం ఎక్కించడం. న్సుక్కాలో జరిగిన విద్య కూడా అచ్చంగా ఈ మూడు అక్షరాలే. తేడా అల్లా మనవాళ్ళు ఒక మూతతో ఆపి అన్నానికి వెళ్ళిపోయారు.

ఆయన ఆపలేదు. ఊరి కుర్రాళ్ళు పదుల సంఖ్యలో వచ్చి బల్లల చుట్టూ కూర్చుంటారు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా కొట్టడం, పొడవడం, తీగ మెలిపెట్టడం. ఒక్కొక్కరి తీగ ముడి ఒక్కో తీరు, బిగింపు ఒక్కో తీరు, తీగ మీద చేతిరాత ఉంటుందన్నమాట. చాపంత ముక్కలు తయారయ్యాక గురువు వాటిని నేల మీద పరిపిస్తాడు. చూస్తాడు, ఫోటో తీస్తాడు, ఆ ఎరుపు ఇటు జరపమంటాడు, మళ్ళీ ఫోటో. నెలలు పట్టవచ్చు. కెంటె నేత నేర్చుకోని కడగొట్టు కొడుకు, మగ్గం లేకుండా, దారం లేకుండా, తండ్రీ అన్నలూ చేసినట్టే ముక్కకు ముక్క అతికి బట్ట కడుతున్నాడు. తొలి బట్టల్లో రెండింటికి పేర్లు కూడా అలాగే పెట్టాడు, మగవాడి బట్ట అనీ ఆడదాని బట్ట అనీ. 2002లో లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం ఆ రెంటినీ కొనుక్కుంది. కాళ్ళకింద కిర్రుమన్న సారామూత కోహినూరును దాచిన ఊరికి దర్జాగా పోయింది, తేడా ఏమిటంటే దీనికి వెల కట్టి తీసుకున్నారు.

ఇప్పుడు సముద్రవర్ణన. అపహాస్యకావ్యానికి ఒక కిటుకు ఉంది. వస్తువు చిన్నదిగా ఉండాలి, గొంతు పెద్దదిగా ఉండాలి. ఆ రెంటి మధ్య ఎంత దూరముంటే అంత నవ్వు. సముద్రం దగ్గరికి వచ్చేసరికి ఈ మూత విషయంలో ఆ దూరం చెరిగిపోతుంది, గొంతే మూతకు చాలకుండా పోతుంది.

ఆ తీరానికి మొదట సీసాల్లో సారా తెచ్చినవాళ్ళు యూరప్ వర్తకులు. కరీబియన్ దీవుల్లో చెరుకు, చెరుకు నుంచి మడ్డి, మడ్డిని అమెరికాలో రోడ్ ఐలండ్ బట్టీల్లో కాస్తే రమ్ము. ఆ రమ్ము పీపాలు ఆఫ్రికా తీరానికి ఓడలెక్కి వచ్చేవి. పీపాలు దింపి మనుషులను ఎక్కించుకునేవారు. మనుషులను దీవుల్లో దింపి మడ్డి ఎక్కించుకునేవారు. మూడు ఖండాల మధ్య గిరగిరా తిరిగిన ఈ చక్రానికి ఇరుసు సారాయే. అనాట్సుయి చిన్నప్పుడు పెరిగిన కేటాలో డేనిష్ వాళ్ళు 1784లో కట్టిన ప్రిన్‌జెన్‌స్టీన్ కోట ఉంది. అమ్ముడైన మనుషులను ఓడ వచ్చేదాకా అందులోనే కుక్కేవారు. సగం సముద్రం తినేసిన ఆ గోడలు ఈనాటికీ ఉన్నాయి. ఆ తీరం పిల్లవాడు పెద్దవాడై సారామూత చేతికి తీసుకున్నప్పుడు అది ఉత్త మూతగా కనిపించదు. మన కావ్యాల్లో సముద్రం చంద్రుణ్ణి చూసి పొంగుతుంది. ఈ కావ్యంలో సముద్రం రమ్ము వాసన వేస్తుంది, అందులో ఎవరూ జలక్రీడలాడలేదు.

మూత మాత్రం ఏమీ చెప్పదు. డార్క్ సెయిలర్ అని మాత్రం పేరు రాసుకుని, బోర్లా పడి ఉంటుంది.

ప్రయాణవర్ణనకు చతురంగబలాలు అక్కర్లేదు. ఈ బట్టల అద్భుతం ఇదే: ఆరు మీటర్ల ఎత్తు, ఏడు మీటర్ల పైచిలుకు వెడల్పున్న శిల్పాన్ని దుప్పటిలా మడిచి పెట్టెలో పెట్టేయవచ్చు. కంచు గుర్రాన్ని మడవలేరు, పాలరాతి వీనస్‌ను మడిస్తే జైలు. ఇది మాత్రం మడత పడుతుంది, విమానం ఎక్కుతుంది, దిగిన చోట కొత్త మడతలతో లేస్తుంది. ఎలా వేలాడదీయాలో శిల్పి ఖాయంగా చెప్పడు. ఈ మూల పైకి లాగితే కొండ, ఆ మూల వదిలేస్తే వాగు, నడిమికి పట్టుకుంటే నిద్రలేవని మనిషి ముసుగు. ఒకే కృతి ఒక ఊళ్ళో ఒకలా, ఇంకో ఊళ్ళో ఇంకోలా ఉంటుంది. పాతకాలపు మ్యూజియం అధికారికి ఇది పెద్ద ధర్మసంకటం. ఎక్కడ మేకు కొట్టాలో కాగితం మీద రాసివ్వని కళాఖండాన్ని ఆయన ఉద్యోగంలో చేరినప్పుడు చూపించలేదు. నిచ్చెన ఎక్కినవాడు, కింద పట్టుకున్నవాడు, దూరం నుంచి చేయి ఊపేవాడు, ముగ్గురూ ఆ పూటకు శిల్పులే.

2007లో వెనిస్ బియెన్నాలే కళాప్రదర్శన. ఓడలు కట్టే పాత ఆర్సెనాలే శాలలో దుసాసా ఒకటి, రెండు అని రెండు మహావస్త్రాలు దిగాయి. ఊళ్ళో ఇంకో చోట, ఫోర్టునీ భవనం ముందుభాగాన్ని మూతలతో కప్పేశారు. ఫోర్టునీ ఎవరంటే పట్టుకు సన్నటి కుచ్చిళ్ళు పెట్టి గొప్పింటి స్త్రీలకు గౌనులు కుట్టించిన దిగ్దంతుడు. ఆయన బట్టలు తయారుచేయించిన ఇంటికి న్సుక్కా సారామూతల చీర కట్టారు. సవతి పోరుకు ఇంతకన్నా మంచి ఘట్టం నేను కల్పించలేను. 2013లో లండన్ రాయల్ అకాడమీ ముఖభాగం మీద ఇంకో వస్త్రం, పాతిక మీటర్ల వెడల్పున, పరదాలా. ఆ ఏడాది వాళ్ళ వేసవి ప్రదర్శనలో వోలాస్టన్ బహుమతి దానికే. 2015లో వెనిస్ బియెన్నాలే జీవితసాఫల్యానికి బంగారు సింహాన్ని ఇచ్చింది. అప్పటిదాకా కింగ్ సాలమన్ మూత మీద బంగారపు రంగు వరకే ఎరిగిన మన నాయకుడు నిజం బంగారు సింహం పక్కన నిలబడ్డాడు. 2017లో జపాన్ వాళ్ళ ప్రేమియం ఇంపీరియాలే పురస్కారం. నాయకాభ్యుదయం ఇక్కడితో ముగించవచ్చు కాని, న్యూయార్క్ సంగతి చెప్పకపోతే కడుపుబ్బుతుంది.

అక్కడి మెట్రోపాలిటన్ మ్యూజియంలో మూతలకు రెండు కొలువులు. ఒక వస్త్రం ఆఫ్రికా కళల విభాగానికి చేరింది, ముసుగులూ దేవతల కొయ్యబొమ్మల పంక్తిలో. వెనిస్‌కి వెళ్ళొచ్చిన దుసాసా రెండోది ఆధునిక కళల విభాగం వారిది, అమెరికా యూరప్ మహామహుల పక్కన. ఒకే చెట్టు కాయలు, ఒకే సుత్తి దెబ్బ, ఒకే రాగితీగ. ఒకటి ఆఫ్రికా, మరొకటి ఆధునికం. ఆఫ్రికా అయితే ఆధునికం కాదా అని మూతలు అడగలేవు. ఏ పంక్తిలో కూర్చోవాలో చెప్పే పెద్దమనుషులు ఆ భవనంలోనూ ఉన్నారని మాత్రం మనకు అర్థమవుతుంది. మన ఊళ్ళ బంతిభోజనాలు తెలిసినవాళ్ళకు విడమరచి చెప్పక్కర్లేదు.

జూదం ఒకటి మిగిలింది. వేలంపాట కన్నా పెద్ద జూదం ఏముంది? సుత్తి పట్టుకున్న శకుని, చేతులెత్తే రాజులు, గోడ మీద ద్రౌపదిలా మూతలవస్త్రం. 2012లో లండన్ వేలంలో అనాట్సుయి వస్త్రం ఒకటి అయిదు లక్షల పౌండ్లు దాటింది. తర్వాత ఆ రేటూ చిన్నబోయింది. ఒక్కో మూతకు ఎంత పడిందో భాగించుకోబోయి ఆగిపోయాను. సీసాతో పాటు పారేసేవాళ్ళు ఆ లెక్క చూస్తే మద్యనిషేధం కన్నా ఘోరమైన పశ్చాత్తాపం పడతారు.

ఇప్పుడు చంద్రోదయం. 2023 అక్టోబర్‌లో లండన్‌లోని టేట్ మోడరన్ మ్యూజియంలో, ఒకప్పుడు కరెంటు తయారుచేసిన టర్బైన్ హాల్లో, ఎర్రచంద్రుడు వెలిశాడు. ఓడ తెరచాపలా ఉబ్బిన మహావస్త్రం, దాని నిండా ఎర్రమూతల బింబం. కృతి పేరే ఎర్రచంద్రుడి వెనక అని. లోపలికి నడిస్తే సీసా మెడల ఉంగరాలతో అల్లిన పలుచటి ఆకారాలు గాలిలో చెదిరి ఉంటాయి, మనుషుల్లా. ఒక చోట నిలబడి చూస్తే అవన్నీ కలిసి ఒక గోళమవుతాయి. మరో అడుగు వేస్తే గోళం పోయి మళ్ళీ మనుషులు. చివర నల్లటి గోడ, పైకప్పు నుంచి నేల దాకా జారి అలల్లా కాళ్ళ దగ్గర మడతలు పడింది. ఆ వెనక్కి వెళ్తే గోడ వెనకభాగాన మెరిసే వెండిరంగు.

టేట్ అనే పేరు ఎక్కడిదంటే, హెన్రీ టేట్ అనే చక్కెర వ్యాపారిది. చక్కెర శుద్ధిలో సంపాదించి, ఆ సంపదతో, తన బొమ్మలతో దేశానికి చిత్రశాల ఇచ్చాడు. ఆయన ఆ వ్యాపారంలో దిగేనాటికి బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం చట్టం ప్రకారం రద్దయింది. చెరుకు మాత్రం రద్దు కాలేదు, చెరుకు చుట్టూ పెరిగిన వర్తకం కూడా. చక్కెర తీశాక మిగిలేది మడ్డి, మడ్డి కాస్తే రమ్ము, రమ్ము సీసాకు మూత. ఆ మూత సముద్రం దాటి, తలుపు కొట్టకుండా, తెరచాప ఎత్తుకుని చక్కెరవాడి ఇంట్లోకి వచ్చింది. 2024 ఏప్రిల్ దాకా అక్కడే ఉంది. లక్షలాదిమంది కింద నిలబడి తలెత్తి చూశారు. తలెత్తి మూతను చూడటమనేది తాగేవాడు ఎన్నడూ చేయని పని, అతనికి తలెత్తితే కనిపించేది సీసా అడుగు.

పద్దెనిమిదిలో ఎన్నయ్యాయో మీరు లెక్కపెట్టుకోండి. ఉద్యానం తప్పిపోయింది, న్సుక్కా పొదలను ఉద్యానమని ఒప్పుకుంటే అదీ అయినట్టే. రతోత్సవం కావాలనే వదిలేశాను, ఇది ఇంటిల్లిపాదీ చదివే పత్రిక. ఫలశ్రుతి ఒకటి రాయాల్సి ఉంది. ఈ కథ చదివినవారికి, విన్నవారికి, వ్రాసి ఇంట పెట్టుకున్నవారికి ఏ ఫలం కలుగుతుందో చెప్పి ముగించడం సంప్రదాయం. మద్యం సంగతిలో ఆ శ్రమ ప్రభుత్వం నాకు మిగల్చలేదు. ఫలం ఏమిటో సీసా చీటీ మీదే, కింది వరసలో, కళ్ళద్దాలు పెట్టుకుంటే తప్ప కనబడని సన్నటి అక్షరాల్లో అచ్చేయించింది.